ప్రాస పదాలు నేర్పడానికి ఏది మంచిది: పాటలా, కార్డులా, మాటల ఆటలా, వర్క్‌షీట్లా?

"మా పాపకి ఇరవై రైమ్స్ వచ్చండీ, ఒక్క పదం కూడా తప్పు పోదు" అని ఒక తల్లి మురిసిపోతూ చెప్పింది. పాప నిజంగానే చక్కగా పాడింది. పాట అయ్యాక నేను పక్కన కూర్చుని, "పాట... దీనిలాగే వినిపించేది ఏది? మాటనా, చెవినా?" అని అడిగాను. పాప కాసేపు ఆలోచించి "చెవి" అంది. ఎందుకమ్మా అంటే, "పాట చెవితోనే కదా వింటాం" అంది.

తెలివైన జవాబే. పాప రెండు పదాల అర్థాలను పట్టుకుని ముడి వేసింది. వాటి శబ్దం వైపు మాత్రం ఇంకా చెవి పెట్టలేదు. చిన్నపిల్లలందరికీ ఇక్కడే కష్టం. పుట్టినప్పటి నుంచి వాళ్ళు మాటను అర్థం కోసమే విన్నారు. ఇప్పుడు మనం వచ్చి, కాసేపు అర్థాన్ని పక్కన పెట్టు, మాట ఎలా మోగుతోందో విను అంటున్నాం. రైమ్స్ రావడం వేరు, ప్రాస, అంటే రెండు పదాల చివరలు ఒకేలా మోగడం, వినిపించడం వేరు. మొదటిది ఉంటే రెండోది తేలిగ్గా వస్తుంది, కానీ దానంతటదే రాదు.

3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు దీన్ని నేర్పాలనుకునేవారికి దారులు చాలా కనిపిస్తాయి. పాటలు, బొమ్మల కార్డులు, నోటి ఆటలు, కథల పుస్తకాలు, వర్క్‌షీట్లు, ఫోన్‌లో యాప్‌లు. ఏది కొనాలి, దేనికి సమయం పెట్టాలి అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

## ముందు ఇది తేల్చుకోండి: ఏ పదాలను ప్రాస పదాలు అనాలి?

పద్ధతి కంటే ముందు పదాలు సరిగ్గా ఎంచుకోవాలి. పదాలు తప్పుగా ఎంచుకుంటే ఏ పద్ధతీ పనిచేయదు.

తెలుగు అజంత భాష. దాదాపు ప్రతి పదమూ అచ్చుతో ముగుస్తుంది. అందువల్ల రెండు పదాల చివరి అక్షరం కలవడం మన భాషలో చాలా సులువు. "బడి–గుడి" తీసుకోండి. ప్రాస పదాలు చెప్పమంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చే జంట ఇదే. కానీ గట్టిగా పలికి చూడండి. చివర "డి" ఒకటే, ముందున్న అచ్చు మాత్రం వేరు, ఒకచోట అ, ఇంకోచోట ఉ. ఇప్పుడు "బడి–తడి" అనండి. మొదటి హల్లు తప్ప మిగతాదంతా ఒకేలా మోగుతుంది. పెద్దవాళ్ళకు ఈ తేడా పట్టించుకునేంత పెద్దది కాదు. ఇప్పుడే వినడం నేర్చుకుంటున్న నాలుగేళ్ళ పిల్లకు పెద్దదే.

అందుకని నేను పదాలను మూడు గంపల్లో వేసుకుంటాను.

మొదటిది పూర్తి ప్రాస. గంట–పంట–వంట–మంట–జంట. ఆట–పాట–మాట–బాట. కోట–తోట–నోట. రెక్క–లెక్క–చెక్క. బల్లి–తల్లి–మల్లి. మొదలుపెట్టాల్సింది వీటితోనే. చిలక–గిలక, పడవ–కడవ లాంటి మూడక్షరాల పదాలు కూడా బాగానే ఉంటాయి, కానీ రెండక్షరాలవి చెవికి పట్టాకే.

రెండోది సగం ప్రాస. బడి–గుడి, పిల్లి–బల్లి, చెట్టు–జుట్టు, కుక్క–నక్క. ఇవి తప్పు కాదు, పాటల్లో ఎంతో అందంగా కుదురుతాయి. ఒకటి రెండు వారాలు పూర్తి ప్రాసతో గడిచాక వీటిని కలపండి. మొదటి రోజే కలిపితే, చివరి అక్షరం ఒక్కటి చూసుకుంటే చాలు అని పిల్లలు అనుకుంటారు.

మూడోది అసలు వాడకూడనిది. "బొమ్మలు–పుస్తకాలు", "వచ్చాడు–పడుకున్నాడు". వీటిలో చివరలు కలిసింది ప్రత్యయం వల్ల. బహువచనంలో పెట్టిన ప్రతి పదానికీ "లు" వస్తుంది కాబట్టి అందులో పిల్ల విని పట్టుకోవాల్సిందేమీ ఉండదు. తెలుగులో సొంతంగా గేయాలు కట్టి పాడించేవాళ్ళు ఎక్కువగా జారేది ఇక్కడే. నాలుగు పాదాల చివరా "వచ్చింది, పోయింది, తిన్నది, ఉన్నది" అని పెట్టి ప్రాస కుదిరిందనుకుంటారు.

బడిలో ఛందస్సు చదువుకున్నవారికి ఇంకో అనుమానం రావచ్చు. పద్యంలో ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం కదా అని. నిజమే, అక్కడ రెండో అక్షరంలోని హల్లు కలవాలి, దాని మీది అచ్చు మారినా ఫర్వాలేదు. పిల్లలకు మనం నేర్పుతున్నది దానికంటే వేరు, పాదాల చివరలు కలిసే అంత్యప్రాసకు దగ్గరది. ఇద్దరు పెద్దవాళ్ళు రెండు నిర్వచనాలు చెప్పి పిల్లను తికమక పెట్టకుండా ఇంట్లోవాళ్ళు ముందే ఒక మాట అనుకోవడం మంచిది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నేను నాలుగు విషయాలు చూస్తాను.

పని చెవి చేస్తోందా, కన్ను చేస్తోందా? ప్రాస గుర్తించడం వినికిడి పని. అక్షరాలు చూసి చివరిది కలిసిందని చెప్పడం వేరే నైపుణ్యం. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఈ రెండూ ఒకటేనని అనిపిస్తుంది. అక్షరాలు వచ్చిన పిల్ల ఒక్క శబ్దమూ వినకుండా జవాబులన్నీ సరిగ్గా పెట్టేయగలదు.

ఊహించి చెబితే ఎంత దాకా నెగ్గుకొస్తుంది? "గంట, పంట ఒకేలా ఉన్నాయా?" అని అడిగితే జవాబు అవును లేదా కాదు. ఏమీ వినకుండా నాణెం ఎగరేసి చెప్పినా పదింటిలో ఐదు సరిపోతాయి. పైగా చిన్నపిల్లలకు మనల్ని సంతోషపెట్టాలని ఉంటుంది, అన్నిటికీ "అవును" అనేస్తారు. అలాంటి ప్రశ్నల్లో పదికి ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిగ్గా వస్తేనే నేను నమ్ముతాను. కేవలం అదృష్టంతో ఎనిమిదో అంతకంటే ఎక్కువో రావడానికి నూటికి ఐదారు వంతుల అవకాశమే ఉంది.

జ్ఞాపకం మీద ఎంత బరువు పడుతోంది? "కోట, తోట, బల్ల: ఇందులో చేరనిది ఏది?" అన్న ప్రశ్నకు మూడు పదాలనూ తలలో పట్టుకుని పోల్చాలి. చాలామంది పిల్లలు ప్రాస వినిపించక కాదు, మొదటి పదం మరిచిపోయి తప్పుతారు. బొమ్మలు ముందుంటే ఆ బరువు దిగిపోతుంది.

మీ దగ్గర ఎంత సమయం ఉంది, ఎదురుగా ఎంతమంది పిల్లలున్నారు? దీన్ని దాచుకోవాల్సిన పని లేదు. రోజంతా పని చేసి ఇంటికొచ్చిన తల్లికి సాయంత్రం కార్డులు కత్తిరించే ఓపిక ఉండదు. పాతికమంది పిల్లలున్న టీచర్‌కి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకునే వీలుండదు.

| పద్ధతి | చెవికి పని | వచ్చిందో లేదో తెలుస్తుందా | జ్ఞాపకం మీద బరువు | మీ సమయం | ఎవరికి |
|---|---|---|---|---|---|
| నోటి ఆటలు | చాలా ఎక్కువ | బాగా తెలుస్తుంది | మధ్యస్థం | తయారీ లేదు, మీరు పక్కనుండాలి | ఇంట్లో ఒకరిద్దరు పిల్లలు |
| పాటలు, గేయాలు | ఎక్కువ | తెలియదు, మధ్యలో ఆపితేనే కొంత | తక్కువ | చాలా తక్కువ | 3 ఏళ్ళవాళ్ళు, పెద్ద తరగతి |
| బొమ్మల కార్డులు | ఎక్కువ | అన్నిటికంటే బాగా | తక్కువ | ఒకసారి తయారీకి రెండు మూడు గంటలు | 4 ఏళ్ళు దాటినవారు, చిన్న గుంపు |
| ప్రాస ఉన్న కథలు | మధ్యస్థం | కొంత | తక్కువ | రోజూ చదివే అలవాటు ఉంటే అదనంగా ఏమీ లేదు | అందరికీ, తోడుగా |
| వర్క్‌షీట్లు | తక్కువ | మోసపోయే అవకాశం ఎక్కువ | తక్కువ | తక్కువ | 5 ఏళ్ళు దాటి, ప్రాస ఇప్పటికే వచ్చినవారు |
| యాప్‌లు, వీడియోలు | యాప్‌ని బట్టి | పైకి తెలిసినట్టే ఉంటుంది | తక్కువ | దాదాపు లేదు | అప్పుడప్పుడు, సాధనకు |

## నోటి ఆటలు

ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. కొనాల్సింది ఏమీ లేదు, నడుస్తూ, స్నానం చేయిస్తూ, బస్సులో కూర్చుని కూడా ఆడుకోవచ్చు. పిల్ల ముఖంలోకి చూస్తూ ఆడతాం కాబట్టి ఎక్కడ తికమక పడుతోందో అక్కడికక్కడే కనబడుతుంది.

మొదట వినిపించడమే, అడగడం లేదు. "గంట... పంట. విన్నావా, రెండిటి తోకా ఒకటే. అంట, అంట." తోక అన్న మాట పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. అంత్యప్రాస అనో, రైమింగ్ వర్డ్స్ అనో చెప్పి వివరించే కంటే "తోక కలిసింది" అంటే చాలు. ఇలా రెండు మూడు రోజులు మీరే చెప్పండి. కలవనివీ వినిపించండి: "గంట... బల్ల. ఊహూ, తోకలు కలవలేదు." కలవని జంటలు వినకుండా కలిసినవి ఏమిటో పిల్లకు తెలియదు. చాలామంది ఈ సగాన్ని వదిలేస్తారు.

తరువాత చప్పట్ల ఆట. తోక కలిస్తే చప్పట్లు కొట్టాలి, కలవకపోతే చేతులు ముడుచుకోవాలి. ఇది అవును–కాదు ప్రశ్నే కాబట్టి ఊహతో నెగ్గుకొచ్చే ప్రమాదం ఉంది. వరసగా రెండుసార్లు కలవనివి, ఆ తరువాత ఒకటి కలిసేది, ఇలా ఒక పద్ధతి లేకుండా అడగండి.

ఆపై ఎంపిక ప్రశ్న: "కోట. దీనికి తోడు ఎవరు, తోటనా, రాజునా?" ఇక్కడ రెండో పదాన్ని ఎలా ఎంచుకున్నామన్నది చాలా ముఖ్యం. రాజు కోటలో ఉంటాడు కాబట్టి అర్థం వైపు లాగుతుంది. మొదట్లో అలాంటి లాగుడు లేని పదం పెట్టండి, "తోటనా, బల్లనా" అని. అది కుదిరాక అర్థంతో లాగే పదం పెట్టండి. ఆ తరువాత మొదటి శబ్దంతో లాగేది, "కోట: తోటనా, కోతినా?" ఇలా ఒక్కో మెట్టు ఎక్కిస్తే పిల్ల తప్పు చెప్పినప్పుడు ఎందుకు తప్పిందో మనకు తెలుస్తుంది. రాజు అంటే ఇంకా అర్థం వెంట పోతోంది. కోతి అంటే శబ్దం వింటోంది గానీ పదం మొదలు వింటోంది. రెండో తప్పు నిజానికి ముందడుగు. ఆ పిల్లకు "శభాష్, మొదలు కలిసింది, ఇప్పుడు తోక విందాం" అనాలి గానీ "కాదు" అని కొట్టిపారేయకూడదు.

ఇందులో ఇబ్బంది ఏమిటంటే అంతా మీ మీదే ఆధారపడుతుంది. మీకు పదాలు అప్పటికప్పుడు తట్టాలి, అలసిపోయి ఉంటే తట్టవు. ఒక చిన్న కాగితం మీద పది పూర్తి ప్రాస జంటలు, పది కలవని జంటలు రాసి ఎదురుగా కనిపించేచోట అంటించుకోండి. ఆట ఒకసారికి ఐదు నిమిషాలు చాలు. పిల్లకు విసుగు రాకముందే ఆపేయండి.

## పాటలు, గేయాలు

పాటల్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1987లో మక్లీన్, బ్రయంట్, బ్రాడ్లీ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, 3 ఏళ్ళ వయసులో పిల్లపాటలు ఎక్కువ తెలిసిన పిల్లలు తరువాత శబ్దాలను గుర్తించడంలో ముందున్నారని తేలింది. పాట చెవిని తడుపుతుంది. ప్రాస వచ్చే చోట గొంతు సాగుతుంది, తాళం పడుతుంది, మళ్ళీ మళ్ళీ వింటారు. మూడేళ్ళ పిల్లకు ఇంతకంటే మంచి మొదలు లేదు.

పాట ఎంత తెలిసినా ప్రాస వినిపించకపోవచ్చన్నదే లోటు. ఆ లోటు తీర్చడానికి ఒక చిన్న ఉపాయం ఉంది, ప్రాస పదం దగ్గర ఆగిపోవడం.

కొమ్మ మీద చిలక
చేతిలోన పలక
కాలి కింద గిలక
కుండీలోన ______

బాగా అలవాటైన పాటలో ఆగితే పిల్ల గుర్తున్న పదాన్ని చెప్పేస్తుంది, అది ప్రాస విన్నట్టు కాదు. అందుకే ఎప్పుడూ వినని కొత్త పాట కావాలి. మీరే కట్టండి, అందంగా లేకపోయినా నష్టం లేదు. పైదానిలో పిల్ల "మొలక" అంటే విన్నట్టే. "మొక్క" అంటే అర్థం పట్టుకుంది, తోకను ఇంకా వదిలేసింది. "టొలక" అనే లేని పదం చెప్పినా అది సరైన జవాబే. నవ్వుకుని, "తోక భలే కలిసింది" అనండి. అర్థం లేని పదంతో ప్రాస కుదిర్చిన పిల్ల శబ్దాన్ని అర్థం నుంచి విడదీసి వినడం నేర్చేసుకుంది.

## బొమ్మల కార్డులు

బ్రాడ్లీ, బ్రయంట్ 1983లో నేచర్ అనే సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకునేది. 4, 5 ఏళ్ళ పిల్లలు 400 మందికి పైగా అందులో ఉన్నారు. వారిలో 65 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండేళ్ళలో 40 సార్లు బొమ్మలు చూపించి శబ్దాన్ని బట్టి జతపరచడం నేర్పారు. ఇంకో గుంపుకు అదే నేర్పుతూ తరువాతి దశలో ప్లాస్టిక్ అక్షరాలు కూడా చేతికిచ్చారు. మూడో గుంపుకు అవే బొమ్మలతో అర్థాన్ని బట్టి జతపరచడం నేర్పారు. నాలుగో గుంపుకు ఏ శిక్షణా లేదు. చదవడంలో అక్షరాలు కూడా వాడిన గుంపు అందరికంటే ముందుకు వెళ్ళింది. నాకు ఇందులో నచ్చేది మూడో గుంపు. బొమ్మలు అవే, టీచర్ శ్రద్ధ అంతే, అయినా చెవికి పని పెట్టని ఆ గుంపు, శబ్దం, అక్షరాలు కలిపి నేర్చుకున్న గుంపు కంటే బాగా వెనకబడింది. కార్డుల్లో మహిమ ఏమీ లేదు, కార్డుతో ఏ ప్రశ్న అడుగుతున్నామన్నదే విషయం.

కార్డులు కొనేముందు రెండు చూడండి. ఒకటి, బొమ్మ చూడగానే పిల్ల మీరనుకున్న పేరే చెప్పాలి. "మంట" బొమ్మ చూసి పిల్ల "నిప్పు" అనుకుంటే గంట పక్కన ఎప్పటికీ పెట్టదు, తప్పు పిల్లది కాదు. అందుకే ఆట ముందు ప్రతి కార్డు పేరూ ఇద్దరూ కలిసి గట్టిగా చెప్పుకోవాలి. రెండు, కార్డు మీద బొమ్మ కింద పదం రాసి ఉండకూడదు. అక్షరాలు వచ్చిన పిల్లలు కంటితో జతపరిచేస్తారు. రాసి ఉంటే కాగితం ముక్క అంటించి కప్పేయండి.

ఇంట్లో చేసుకోవడం కష్టమేమీ కాదు. పన్నెండు కార్డులు, అంటే మూడేసి పదాలున్న నాలుగు కుటుంబాలు చాలు: గంట–పంట–జంట, కోట–తోట–నోట, రెక్క–లెక్క–చెక్క, బల్లి–తల్లి–మల్లి. జంట, లెక్క లాంటి వాటికి బొమ్మ గీయడం తిప్పలే. అలాంటి చోట మీరూ పిల్లా కలిసి ఒక గుర్తు అనుకోండి, రెండు పావురాలు గీసి జంట అన్నట్టు. సొంతంగా గీసుకున్న కార్డుల మీద పిల్లలకు మమకారం కూడా ఎక్కువ.

ఒక కార్డు ముందు పెట్టి, మూడు కార్డుల్లోంచి తోడు వెతకమనండి. ఊహతో సరిగ్గా చెప్పే అవకాశం మూడింట ఒకటికి దిగిపోతుంది. చేరనిదాన్ని తీసేసే ఆట దీని తరువాతి మెట్టు. రెండిటిలో మొదటిదే తేలిక, అందుకని దానితోనే మొదలుపెట్టండి.

మాట ఇంకా స్పష్టంగా రాని పిల్లలకు, సిగ్గుపడి నోరు విప్పని పిల్లలకు కార్డులు వరం. ర పలకలేక ల అనే పిల్ల కూడా రెక్క కార్డును లెక్క పక్కన చేర్చగలదు. పలకడం రానంత మాత్రాన వినడం రాదనుకోకూడదు.

## కథల పుస్తకాలు

ప్రాస ఉన్న కథ రాత్రి పడుకునేముందు చదివితే అదనపు సమయం ఏమీ పట్టదు. అదే పుస్తకం పదిసార్లు చదవమని పిల్లలు అడగడం ఇక్కడ మనకు కలిసొచ్చే విషయం. ఒకటే జాగ్రత్త, ప్రతి పేజీలో ఆగి ప్రశ్నలు వేయకండి. కథను కథగా ఉండనివ్వండి. ఒక కథలో ఒకటి రెండు చోట్ల ఆగితే సరిపోతుంది.

## వర్క్‌షీట్లు

ఎడమవైపు నాలుగు పదాలు, కుడివైపు నాలుగు పదాలు, గీత గీసి జతపరచండి. నిండిన కాగితం ఇంటికి వెళ్తుంది, అన్నీ సరైనవే, అందరికీ తృప్తి. నా దగ్గరికి అలాంటి కాగితాల కట్టతో ఒక బాబును తీసుకొచ్చారు. ఒక్క తప్పు కూడా లేదు. కాగితం మూసేసి నోటితో అడిగితే పది జంటల్లో ఐదు చెప్పాడు. ఎలా జతపరిచావు నాన్నా అని అడిగితే, "చివర బొమ్మ ఒకేలా ఉంటే గీత గీయాలి" అన్నాడు. వాడు బొమ్మ అన్నది అక్షరాన్ని. ఎవరూ చెప్పకుండానే దగ్గరి దారి కనిపెట్టుకున్నాడు. పాపం, వాడికి ఏడాదిగా ప్రాస వచ్చేసిందనుకుని అందరూ ముందుకు వెళ్ళిపోయారు.

అందుకే ప్రాస నేర్పడానికి వర్క్‌షీట్ వద్దంటాను. ఇప్పటికే వినిపిస్తున్న పిల్లకు అక్షరాలతో ముడిపెట్టడానికి మాత్రం పనికొస్తుంది. తప్పనిసరిగా వాడాల్సి వస్తే పదాలు లేని, బొమ్మలు మాత్రమే ఉన్నది తీసుకోండి. గీత గీసేముందు రెండు పేర్లూ పైకి పలకమనండి. అప్పుడు అది కూడా కార్డుల ఆటలాంటిదే అవుతుంది.

## యాప్‌లు, వీడియోలు

వీడియో చూడటం పాట వినడంతో సమానం, అంతకంటే ఎక్కువ ఆశించకండి. పైగా రంగుల బొమ్మలు కదులుతుంటే దృష్టంతా కంటి మీదికే పోతుంది. యాప్ ఎంచుకుంటే మూడు చూడండి: పదాన్ని స్పష్టంగా పలుకుతుందా, మళ్ళీ వినే వీలుందా, తప్పు నొక్కితే రెండు పదాలనూ పక్కపక్కన వినిపించి తేడా చూపిస్తుందా. తప్పు నొక్కినా ఏదో ఒకటి మోగి నక్షత్రాలు రాలే యాప్‌లో పిల్ల నేర్చుకునేది అన్నీ నొక్కుకుంటూ పోవడమే.

## మీ పరిస్థితి ఏది?

ఇంట్లో మూడేళ్ళ పిల్ల ఉంటే పాటలు, కథలు చాలు. అడగడం, పరీక్షించడం అవసరం లేదు. సుమారుగా చెప్పాలంటే 3 ఏళ్ళకు ప్రాస విని ఆనందిస్తారు, 4 దాటాక గుర్తించడం మొదలవుతుంది, తమంతట తాము ప్రాస పదం చెప్పడం 5 దగ్గర కుదురుతుంది. ఒక్కొక్కరిలో ఏడాది అటూ ఇటూ ఉండొచ్చు. పక్కింటి పిల్ల చెబుతోందని టెన్షన్ పడకండి.

నాలుగైదేళ్ళ పిల్ల, మీకు రోజుకు పది నిమిషాలు ఉంటే నోటి ఆట రోజూ, కార్డులు వారానికి రెండుసార్లు. నోటి ఆటతో నేర్పండి, కార్డులతో సరిచూసుకోండి.

పాతికమంది పిల్లలున్న టీచర్ అయితే తరగతి మొత్తానికి కొత్త గేయం, చప్పట్ల ఆట పెట్టొచ్చు. కానీ గుంపులో ఒకరిని చూసి ఒకరు చప్పట్లు కొడతారు, ఎవరికి వినిపించిందో తెలియదు. కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తమంటే కొంత తెలుస్తుంది. మిగతావాళ్ళు బొమ్మలు వేసుకుంటున్నప్పుడు రోజుకు నలుగురైదుగురిని పిలిచి కార్డులతో కూర్చోండి. వారంలో అందరినీ ఒకసారి చూసినట్టవుతుంది. ఇక్కడ నోటి ఆట కంటే కార్డులకే నా ఓటు.

ఒక్కచోట కూర్చోని పిల్ల అయితే కార్డులు నేల మీద పరిచి, తోడు దగ్గరికి గెంతమనండి. అదే ఆట, కాళ్ళతో.

ఆరేళ్ళు వచ్చినా ప్రాస అసలు వినిపించకపోతే పద్ధతి మార్చేముందు చెవులు చూపించండి. జలుబు చేసినప్పుడు మధ్య చెవిలో నీరు చేరి, జలుబు తగ్గాక కూడా కొన్నాళ్ళు వినికిడి మందగించడం చిన్నపిల్లల్లో తరచూ జరిగేదే. పిలిస్తే పలుకుతుంది కదా అని మనం గమనించం. వినికిడి బాగుంటే, ప్రాసను కాసేపు వదిలి ఇంకా తేలికైన పనికి దిగండి: పదాన్ని అక్షరాలుగా విడగొట్టి చప్పట్లు కొట్టడం, చి–ల–క అని. తెలుగు పిల్లలకు ఇది సహజంగా వస్తుంది. అక్కడి నుంచి "చివరి చప్పట్లో ఏం వినిపించింది?" అని మళ్ళీ తోక దగ్గరికి రావచ్చు.

## తెలుగులో నేర్పాలా, ఇంగ్లీషులోనా?

ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలో మొదలుపెట్టండి. తెలియని పదాల శబ్దాన్ని పోల్చడం పిల్లకు రెండింతల పని. తెలుగులో తోక వినడం వచ్చిన పిల్లకు క్యాట్–బ్యాట్–మ్యాట్ వినిపిస్తే ఆట ఏమిటో అప్పటికే తెలుసు, పదాలే కొత్త.

రెండు భాషల మధ్య ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఇంగ్లీషులో అక్షరాలు చూసి ప్రాస చెప్పలేం. కమ్, హోమ్ అనే పదాల చివర ఒకే మూడు అక్షరాలు ఉంటాయి, ప్రాస మాత్రం లేదు. బ్లూ, షూ, టూ మూడూ మూడు రకాలుగా రాస్తారు, ముగ్గురి తోకా ఒకటే. కంటితో జతపరచడం అలవాటైన పిల్ల ఇక్కడికి రాగానే బోల్తా పడుతుంది. నోటి ఆటతో వచ్చిన పిల్లకు ఈ ఇబ్బంది ఉండదు. పలికేటప్పుడు మీరు కూడా క్యాటు, బ్యాటు అని చివర ఉ చేర్చకుండా చూసుకోండి. అలా చేరిస్తే ఇంగ్లీషు పదాలన్నిటికీ ఒకే తోక వచ్చినట్టవుతుంది.

## ఎంతకాలం నేర్పాలి?

ప్రాస మీద నెలలకు నెలలు గడపక్కర్లేదు. చదువు రావడానికి ప్రాస ఎంత ముఖ్యం అన్నదానిపై పరిశోధకుల్లోనే భేదాభిప్రాయాలున్నాయి. మ్యూటర్, హ్యూమ్, స్నోలింగ్ తదితరులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు చదివే పిల్లల తొలి చదువును ముందుగా సూచించినవి అక్షర జ్ఞానం, పదంలోని విడివిడి శబ్దాలను పట్టుకోగల నేర్పు. ప్రాస గుర్తించడం అంతగా సూచించలేదు. అమెరికాలో 2000లో వచ్చిన నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే నిపుణుల కమిటీ నివేదిక, విడివిడి శబ్దాలను గుర్తించే శిక్షణల మీద వచ్చిన అధ్యయనాలను పరిశీలించింది. మొత్తం 5 నుంచి 18 గంటలు సాగినవి అంతకంటే చిన్నవాటి కంటే, పెద్దవాటి కంటే కూడా బాగా పనిచేశాయని, అక్షరాలతో కలిపి నేర్పితే ఫలితం ఇంకా పెరిగిందని చెప్పింది. తెలుగులాంటి అక్షర లిపులకు వస్తే, కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వచ్చింది. అందులో పిల్లలకు అక్షరం స్థాయిలో వినడం ముందు వచ్చింది, హల్లూ అచ్చూ విడివిడిగా వినడం చాలా ఆలస్యమైంది.

కాబట్టి నా లెక్క ఇది. రోజుకు పది నిమిషాల చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆ తరువాత కొత్త పదాలతో, మూడు కార్డుల్లోంచి ఒకటి ఎంచుకునే ఆటలో పదికి ఎనిమిది సరిగ్గా వస్తే గుర్తించడం వచ్చినట్టే. అక్కడి నుంచి పదం మొదటి శబ్దం మీదికి, అక్షరాల మీదికి వెళ్ళండి. రాకపోయినా అక్కడే ఆగిపోకండి. మొదటి శబ్దాల ఆట మొదలుపెట్టి, ప్రాసను పాటల్లో అలాగే సాగనివ్వండి. ఇలా కొన్నాళ్ళు వదిలేసి మళ్ళీ కార్డులు తీసినప్పుడు, ఏమీ చెప్పకుండానే గంట పక్కన జంట పెట్టేసిన పిల్లల్ని చూశాను.